హాబుల్ పట్టీలో ఒక్క రంధ్రం

రాత్రి పన్నెండు దాటింది. ఉల్లిపాయల ఘాటు గరాజ్ నుంచి వంటింటి దాకా కొడుతోంది. ఆ గోల తర్వాత. బావగారు పొద్దున రేసు గుర్రాల కాళ్ళ పట్టీలు చూసి అన్న మాటే ఇంకా నలుగుతోంది: "కాళ్ళు కట్టేసి పరిగెత్తమంటారేంటోయ్?"

వెళ్ళింది న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్. పిల్లలు అనుకున్న లీగోలాండ్‌కి కాదు (అలక ఇంకా తీరలేదు), ఊళ్ళో ఉన్న అర మైలు ట్రాక్‌కి. 1838 నుంచి బండి గుర్రాలు తిరుగుతున్న చోటు. రేసులు ఎండాకాలంలో కొన్ని రోజులే, మిగతా పొద్దుటిపూటలు సాధన. సాధనలో గుర్రాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు, అంటే రేసు దిక్కుకు ఎదురుగా, నెమ్మదిగా మూడు నాలుగు మైళ్ళు తిప్పుతారు. వేగం చూడాలంటే అప్పుడు వెనక్కి మళ్ళించి అసలు దిక్కున వదులుతారు. సంగతి తెలియనివాళ్ళు కంచె దగ్గర నిలబడి "వీళ్ళేంటి రాంగ్ రూట్‌లో పోతున్నారు?" అంటారు. మావాళ్ళూ అన్నారు.

ఇక బావగారు కాళ్ళు కట్టేయడమన్న ఆ హాబుల్. మోకాలికి పైన ముందుకాలికో వలయం, అదే వైపు వెనకకాలికో వలయం, రెంటినీ కలుపుతూ ఒక పట్టీ. రెండో వైపూ అంతే. జారిపోకుండా పైనుంచి సన్నపట్టీలు వేలాడదీస్తారు. పూర్వం తోలువి, ఇప్పుడన్నీ ప్లాస్టిక్. బండి గుర్రాల్లో నడకను బట్టి పేసర్లు, ట్రాటర్లు అని రెండు రకాలు. ఇవి ఎక్కువగా పేసర్లకే. పేసర్‌కి కుడి కాళ్ళు రెండూ ఒకసారి, ఎడమ కాళ్ళు రెండూ ఒకసారి కదులుతాయి, ఒంటె నడిచినట్టు. ట్రాటర్‌కి కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ జత.

బావగారితో గట్టిగానే వాదించాను. పట్టీతో నడక నేర్పరండీ, అది పుట్టుకతో వచ్చేదే. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులోని ఒక మార్పు వల్ల ఈ స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు దౌడులోకి జారకుండా అదే నడకలో వేగం పెంచగలవని 2012లో తేలింది. హాబుల్ లేకుండా పేస్ చేసే గుర్రాలూ ఉన్నాయి. కాకపోతే అర మైలు ట్రాక్ మీద మైలు పందెమంటే నాలుగు మలుపులు. చివరి పావు మైలులో అలసిన గుర్రం మలుపులో తడబడి దౌడు అందుకుంటే, నడిపేవాడు పక్కకి తప్పుకుని, పగ్గాలు బిగించి, మళ్ళీ నడకలోకి తేవాలి. దౌడులో ఎంత ముందుకెళ్ళినా లెక్కలోకి రాదు. ఆ రేసు పోయినట్టే. హాబుల్ అందుకోసం.

ఆయన వినలేదు. తెనాలి స్టేషన్ బయటి జట్కాల గురించి ఎత్తుకున్నారు. ఆ గుర్రాలకీ కళ్ళగంతలుండేవి కదా అన్నాను. ఉండేవట, కానీ కాళ్ళు వాటి కాళ్ళేనట! సరే, జట్కా అనగానే ముందు గుర్తొచ్చేది "కాస్త ముందుకి జరగండమ్మా". గడ్డి మీద గోనెపట్టా, దాని మీద ఆరుగురు. అందరూ వెనక్కి ఒరిగితే నొగలు పైకి లేచి గుర్రం పొట్టపట్టీ బిగుసుకుంటుంది. ముందుకొచ్చేస్తే బరువంతా దాని వీపు మీద. జట్కా సాయిబు నొగల కింద చెయ్యి పెట్టి ఒక్కసారి ఎత్తి చూసేవాడు. చేతికి తేలిగ్గా ఆడితే ఎక్కేవాడు, లేకపోతే సంచులు అటూ ఇటూ మార్పించేవాడు. రెండు చక్రాల బండికి త్రాసు ఆ చెయ్యే. ఇక్కడి రేసు బండి, సల్కీ, కూడా రెండు చక్రాలదే, నడిపేవాడి సీటు ఇరుసు దగ్గరే. బండి బరువు ఇరవై కిలోలు కొంచెం అటూ ఇటూ. 1892లో సైకిలు చక్రాలు, గాలి టైర్లు వచ్చాక మైలు టైములు ఒక్కసారిగా తగ్గాయి. ఇప్పటికీ దాన్ని బైక్ అనే పిలుస్తారు.

ఇదంతా చెప్పి గెలిచాననుకున్నాను. తీరా లాయాల దగ్గర ఒక గుర్రానికి హాబుల్ విప్పుతుంటే వెనకకాలి లోపలివైపు అరచేయంత మేర వెంట్రుకలు లేవు. కొత్త పుండు కాదు, రోజూ ఒరిసి నున్నగా అయిన చర్మం. పౌడరు చల్లుతారు, గొర్రెతోలు తొడుగు వేస్తారు. అయినా పట్టీ ఒక్క రంధ్రం బిగువైతే ఇంతే: అడుగు కురచవుతుంది, చర్మం ఒరుస్తుంది. ఒక్క రంధ్రం వదులైతే ఉన్నా లేనట్టే. గుర్రానికి ఓపికగా సాధన చేయించే బదులు రంధ్రం మార్చేయడం సుళువు. ఈ ముక్క నాకు తెలుసు. వాదనలో మాత్రం మింగేశాను.

అంతకంటే మండింది ఇంకొకటి. తలపట్టీ. కళ్ళెం దగ్గర మొదలై నుదురు, చెవుల మధ్య నుంచి మెడ మీదుగా వీపు మీది కొక్కేనికి తగిలిస్తారు. తల పైకెత్తే ఉండాలి, నడక నిలకడగా ఉండాలి, కాళ్ళు విసరకూడదు. పరుగులో దానికో అర్థం ఉంది. ఆగగానే మొట్టమొదట విప్పాల్సింది అదే. ఆ తర్వాత బండి. కళ్ళెం అన్నిటికంటే ఆఖర. బండి కట్టుండగా కళ్ళెం తీస్తే గంతలూ ఊడిపోతాయి, గుర్రానికి వెనకనున్న చక్రాలు కనిపిస్తాయి, ఇక పట్టుకోలేం. ఇంత తెలిసిన మనుషులే ఒక గోధుమరంగు గుర్రాన్ని తలపట్టీ తగిలించి ఉంచి పది నిమిషాలు కబుర్లాడారు. అది మెడ దించాలని చూస్తోంది, పట్టీ ఆపుతోంది, మళ్ళీ చూస్తోంది. బావగారు నావైపు చూశారు. నేను ట్రాక్ మీది రాతిపొడి గురించి ఏదో చెప్పాను.

వస్తూ చెస్టర్‌లో హాంబుల్‌టోనియన్ సమాధి. 1849లో పుట్టిన గుర్రం. కుంటి తల్లితో కలిపి 125 డాలర్లకి పొలంలో పనిచేసే మనిషి కొనుక్కున్నాడు. ఈ జాతి గుర్రాలు దాదాపు అన్నీ దాని సంతతే. పిల్లలు కారు దిగలేదు.

పైన్ ఐలాండ్ నల్లమట్టి ఉల్లి మాత్రం అందరికీ నచ్చింది. పాత చిత్తడినేల, కుళ్ళిన ఆకులలమల మట్టి, అందులో గంధకం ఎక్కువ, అందుకే ఆ ఘాటు. కర్నూలు ఉల్లి దీని ముందు దిగదుడుపేనని నేనంటే ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. బస్తా విప్పి గరాజ్‌లో అట్టల మీద పరిచారు. మెడ ఎండనివి ముందు కుళ్ళుతాయని విడిగా తీసిపెట్టారు, పదమూడు. పడుకోబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ గోధుమరంగుదానికి విప్పారంటావా?" అన్నారు.

మనం బయల్దేరేటప్పటికి విప్పలేదు బావగారూ.