సాక్ష్యం చెప్పాక రద్దయిన పరీక్ష

ఏ పుస్తకం చదవాలి, ఏ పేపర్‌కు ఎన్ని గంటలు కేటాయించాలి అన్నవి ఇప్పటికే చాలామంది రాశారు. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం వచ్చినవాళ్లు. నేను రానివాళ్ల తరఫున రాస్తున్నాను. ముఖ్యంగా, బైబిలు పక్కనే లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ (రాజ్యాంగం, పాలన) పుస్తకం పెట్టుకుని చదివే తోటి అభ్యర్థుల కోసం. మిగతావాళ్లు చదవకూడదని కాదు. వాయిదాలు, రద్దులు అందరికీ ఒకటే కదా.

2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ నుంచి మెయిన్స్‌కు అర్హత పొందిన పాతిక వేల మందిలో నేనూ ఉన్నాను. జనవరిలో జాబితా రాగానే అమ్మ ఆదివారం ఆరాధనలో నన్ను ముందుకు పంపింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని నేను తీసిన వాగ్దానపు కార్డు మీది వచనం ద్వితీయోపదేశకాండం 28లోది: తలగా నియమిస్తాడు, తోకగా కాదు. మైకు పట్టుకుని, దేవుడు నాకు చేసిన మేలు ఇదని సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, పాస్టర్ అయ్యగారు స్తోత్రం చెప్పించారు. మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ఆ పరీక్షే రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది.

తర్వాత ప్రతి ఆదివారం ఎవరో ఒక పెద్దమ్మ "మెయిన్స్ ఎప్పుడమ్మా?" అని అడిగేది. మన సంఘాల్లో సాక్ష్యాలకు సమయం ఉంటుంది. చెప్పిన సాక్ష్యం ఏమైందో చెప్పడానికి మాత్రం ఆరాధన క్రమంలో ఎక్కడా చోటుండదు. ఉద్యోగం వచ్చినవాళ్లు, పెళ్లి కుదిరినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు ముందుకొస్తారు. రానివాళ్లు వెనక బెంచీలో కూర్చుని ఆమేన్ అంటారు.

బైబిలు మాత్రం అలా లేదు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి గ్రంథాలయం రాత్రి మూసేశాక అశోక్‌నగర్ హాస్టల్ గదికి వచ్చి కీర్తనలు వరుసగా చదవడం మొదలుపెట్టినప్పుడు అది నాకు తెలిసింది. పదమూడో కీర్తన మొదలవడమే ఫిర్యాదుతో: ఇంకెంతకాలం నన్ను మరచిపోతావు? ఎనభై ఎనిమిదో కీర్తనైతే చివరికి కూడా వెలుగులోకి రాదు, చీకట్లోనే ఆగిపోతుంది. దేవుణ్ని ఇంత సూటిగా నిలదీసిన మాటల్ని ఆయన గ్రంథంలోనే ఉంచారంటే, గ్రూప్-1 అభ్యర్థి నిలదీస్తే ఆయన నొచ్చుకోడని నాకు ధైర్యం వచ్చింది. నా ప్రార్థన మారింది అక్కడే. అంతకుముందు అది దరఖాస్తులా ఉండేది: ఇంత చదివాను, ఇన్ని ఉపవాసాలున్నాను, ఇక ఫలితం ఇవ్వు. సిలువకు ముందు గెత్సేమనే తోటలో యేసు తొలగించమని అడిగిన శ్రమల గిన్నె తొలగలేదు. ఆయన ప్రార్థనకే ఆ జవాబు వస్తే, నా ప్రార్థనకు కటాఫ్ దాటించే బాధ్యత ఉందని ఏ ధైర్యంతో అనుకోను?

ఉపవాసం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పరీక్ష ముందు రోజు ఉపవాసం వద్దు. గ్రూప్-2లో ఒక్కో పేపరు రెండున్నర గంటలు, రోజుకు రెండు. బదరీవృక్షం కింద చచ్చిపోతానని కూలబడ్డ ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. బోధ ఆ తర్వాతే. రద్దు వార్త వచ్చిన రాత్రి మా హాస్టల్‌లో ఒక అక్క నాతో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, మెస్ నుంచి ప్లేట్లో ఉప్మా తెచ్చి పెట్టింది. మీ పక్క గదిలో ఎవరైనా ఏలీయాలా మాట్లాడుతుంటే వాగ్దాన వచనాలు పంపకండి, వెళ్లి పక్కన కూర్చోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, అది కూడా ఇవ్వండి.

ఇంకో విషయం మనవాళ్లు బయట మాట్లాడరు. మాది బీసీ-సి. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ ఒక్క శాతం రిజర్వేషన్. గ్రూప్-2లో 783 పోస్టులు, శాతం లెక్కన ఎనిమిది కూడా కావు. "సర్టిఫికెట్‌లో హిందూ అని రాయించుకో, చర్చికి ఎవరు వద్దన్నారు?" అని సలహా ఇచ్చిన బంధువులున్నారు. ఎస్సీ హోదా హిందువులకే అన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, అందులో 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరడం, క్రైస్తవులు చేరకపోవడం మీకు పాలిటీలో ఒక బిట్. నాకు అది మా ఇంటి కథ. అలా రాయించుకున్నవాళ్లను నేను తప్పుపట్టను, ఆకలి ఎలాంటిదో తెలుసు. నేను రాయించుకోలేదు. గెలిచి ఉంటే ఈ ప్రశ్న నన్ను ఇంత లోతుగా తాకేది కాదేమో. ఓడిపోయిన ప్రతిసారీ మళ్లీ ఎదురొచ్చింది, ప్రతిసారీ అదే జవాబు చెప్పాను.

గ్రూప్-2 కూడా 2023 ఆగస్టు నుంచి వాయిదాలు పడుతూ 2024 డిసెంబరుకు చేరింది. ఆ మధ్యలో యిర్మీయా 29 మొత్తం చదివాను. మీకు మేలు చేసే ఉద్దేశాలే నావి అనే పదకొండో వచనం మనందరి వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. దాని పైనున్న పదో వచనంలో, అందుకు ముందు డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. అది బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అయిదో వచనం. అది చదివాకే ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే పనిలో చేరాను. నోటిఫికేషన్ వస్తేనే బతుకు మొదలవుతుందన్న లెక్క పోయింది. పిల్లలకు చెప్పడంతో నా రివిజనూ నడిచింది. 2025 మార్చిలో వచ్చిన ర్యాంకు ఉద్యోగానికి సరిపోలేదు. ఏడ్చాను, సోమవారం క్లాసుకు వెళ్లాను.

చివరగా ఆదివారాల సంగతి. 2022, 2023, 2024 గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడూ ఆదివారాలే, గ్రూప్-2 మొదటి రోజూ ఆదివారమే. ఆరాధన మానేశామన్న దిగులుతో హాల్లో కూర్చోకండి. మీ సంఘంలో సాయంత్రం ఆరాధన ఉందేమో ముందే కనుక్కోండి. గ్రూప్-2 రెండో పేపరు అయిదున్నరకు ముగుస్తుంది, సెంటర్ దూరమైతే ఆటో మాట్లాడి పెట్టుకోండి. ఆరాధనలోకి వెళ్లాక పరీక్ష కీ గురించి ఎవరితోనూ చర్చించకండి.