గాబ్లిన్‌కు 20 పడ్డది

పన్నెండు దాటింది, నిద్ర వస్తలేదు. ఇంట్ల అందరం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినం. ఆట నడిపించేది నేనే, రాక్షసుల పాచిక వేసేది గూడ నేనే. చిన్నోని విజార్డ్ (మంత్రగాడు) మీద గాబ్లిన్‌కు (చిన్న రాక్షసి) పడ్డ ఆ 20 కండ్ల ముందట్నే తిరుగుతున్నది. క్యాలెండర్ అట్ట చాటున ఇరవై ముఖాల పాచిక చూసిన, 20, అన్నిటికన్న గట్టి దెబ్బ. నోటితోటి మాత్రం "2, తప్పిపోయింది" అన్న. ఎవ్వరికీ తెల్వదు.

ఏం చేయాలె మరి? ఒకటో లెవెల్ విజార్డ్‌కు ప్రాణమెంత? 6, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) 2 కలిపితే 8 హిట్ పాయింట్లు. ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె, 12. గాబ్లిన్ పాచికకు 4 కలుపుకుంటది, 8 పడ్డా చాలు తగుల్తది. అంటే ఇరవై సార్లల్ల పదమూడు సార్లు. తగిలితే ఆరు ముఖాల పాచికకు 2 కలిపినంత దెబ్బ. రెండు తగిలితే చిన్నోని పని అయిపోయినట్టే.

తప్పు లెక్కలనే ఉన్నది. ముగ్గురు ఆడేటోళ్లకు నాలుగు గాబ్లిన్లను పెట్టిన. పోరు ఎంత కష్టమో చూసే లెక్కల, 2014 రూల్స్ పుస్తకం ప్రకారం గాబ్లిన్ ఒక్కదానికి 50 పాయింట్లు, నాలుగింటికి 200. మూడు నుంచి ఆరు రాక్షసులుంటే రెట్టింపు చేయాలె, 400. ఒకటో లెవెల్ ముగ్గురికి 'డెడ్లీ' (ప్రాణం మీదికొచ్చే) గీత 300 కాడనే ఉంటది. పైగా పని తగ్గుతదని నాలుగింటికీ కలిపి ఒకటే ఇనిషియేటివ్ (ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పాచిక) వేసిన. నాలుగూ ఒక్కపాలే మీద పడ్డయి. రెండ్రెండు విడదీసి వేస్తే నడుమల మనోళ్లకు వంతు దొరికేది.

అయినా చిన్నోడు అట్ల దొరికిపోయింది బావ వల్లనే. దేవరకొండ ఖిల్లా దర్వాజ అనుకోని చార్టు మీద ఒక్క గడి సందు గీసిన. ఫైటర్ (ముందుండి కొట్లాడేటోడు) ఆ సందుల నిలబడితే ఒక్క గాబ్లినే ఎదురొస్తది. బాణాలు వేసినా వెనకున్నోనికి ఆర్మర్ క్లాస్ 2 పెరుగుతది. బావది ఫైటర్. ఫైటర్ జాగల పెట్టిన గుండీ మాత్రం మూల మీద, ఆయన కండ్లు ఫోన్ల. వంతు వచ్చినంక తలకాయ ఎత్తి "నాదా? ఏమైంది ఇప్పటిదాంక?" అంటడు. మళ్ల మొదటికెళ్లి చెప్పాలె: చింతగింజలు గాబ్లిన్లు, గుండీ నువ్వు, గడి అంటే 5 అడుగులు, నువ్వు 30 అడుగులు నడుస్తవు, ఆరు గడులు. ఆటల ఆరు సెకండ్ల రౌండు మా ఇంట్ల పావుగంట. తాంబాలంల తువాల పరిచి పెట్టిందే పాచికలు దివాన్ కిందికి పోవద్దని. తాంబాలం బయట పడ్డది లెక్కకు రాదని చెప్పిన గూడ. కాని నేల మీద 17 పడితే లెక్కకొస్తది, 3 పడితే రాదు. అది బావ రూలు.

తొండి అంటే నాయనమ్మే యాదికొస్తది. శివరాత్రి జాగారానికి పచ్చీసు బట్ట పరిచేది, నాలుగు దిక్కుల గడులు కుట్టిన పాత ఎర్ర బట్ట. గవ్వలు ఆగకముందే అరచేయి బోర్లించి "పచ్చీస్!" అని అరిచేది. చేయి తీసేసరికి గవ్వలు గుప్పిట్ల ఉండేటివి. తాత ఒక్కసారి గుప్పిటి పట్టుకుండు. "నీ కండ్లకు పొర వచ్చింది" అని ఆయన్నే తిట్టి తన కాయను ఇరవై అయిదు గడులు నడిపించింది. నాకేమో ఏడుపు, తాతకేమో నవ్వు. తన కాయ కోసం తొండి చేసేది, అందరికీ తెల్సి చేసేది. నాది చాటు తొండి.

అదన్నా అక్కరకొచ్చిందా అంటే, ఇప్పుడే కాగితం మీద వేసి చూసిన. 20 పడితే దెబ్బ పాచికలు రెండైతయి. నాకు 5, 4 పడ్డయి, 2 కలిపితే 11. చిన్నోనికి 8 ఉండె, అది సున్నా అయినంక దెబ్బల ఇంకో 3 మిగిలింది. అక్కడికక్కడ చావాలంటే దెబ్బల అట్ల 8 మిగలాలె, అంటే మొత్తం దెబ్బ 16. గాబ్లిన్ ఎంత గట్టిగ కొట్టినా 14 దాటదు. చచ్చేటోడే కాదు! పడిపోయేటోడు, అంతే. తన వంతు వచ్చినప్పుడల్ల పాచిక వేయాలె. 10 గాని పైన గాని మూడుసార్లు పడితే గండం గడిచినట్టు, తక్కువ మూడుసార్లు పడితే పోయినట్టు. పాచిక 1 పడితే రెండు తక్కువల కింద లెక్క.

ఆ లోపల వదిన లేపేది. క్లెరిక్ గద, గాయాలు మాన్పే పూజారి. హీలింగ్ వర్డ్ మంత్రానికి దగ్గరికి పోయే పని గూడ లేదు, 60 అడుగుల దూరంకెళ్లి ఒక్క మాట అంటే చాలు, దాని తర్వాత గదతోటి ఇంకో దెబ్బ గూడ వేసుకోవచ్చు. ఆ మంత్రం చీటీ చేతుల పట్టుకొని రెండు గంటలు కూసున్నది. "ఇది ఎప్పుడు వాడాలె?" అని రెండుసార్లు అడిగింది. "ఆగు వదినా, టైమొస్తది" అన్న. టైమొచ్చింది, నేనే అట్ట చాటుకు దాచిపెట్టిన.

వచ్చే ఐతారం రెండే గాబ్లిన్లు. 100కు ఒకటిన్నర రెట్లు 150, ముగ్గురికి సరిగ్గ 'మీడియం'. అట్ట తీసేసి అందరి ముందటే వేస్త. మ్యాప్ మీద మాత్రం అట్ట కప్పాలె, లేకుంటే బావకు గోతులన్నీ కనబడ్తయి.

వదినకు పొద్దున చెప్పేద్దామనుకున్న. కాని చిన్నోడు పండుకునేముందు ఆమె పక్కన చేరి, బాణం చెవు పక్కకెళ్లి ఎట్ల పోయిందో, తను తల ఎట్ల వంచిండో మూడుసార్లు చేసి చూపెట్టిండు.