రెలికాంత్‌ని బాక్సులో పడెయ్యొద్దు

ఆదివారం, మే నెల. విజయవాడ.

పొద్దున తొమ్మిదికే బందరు రోడ్డు మాడిపోతోంది. బయటికి వెళ్ళే పనేదీ పెట్టుకోలేదు. సెలవులకి వచ్చిన అక్క కొడుకు వాళ్ళ నాన్న దాచుకున్న పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ పట్టుకుని పోకెమాన్ ఎమరాల్డ్ ఆడుతున్నాడు. ఏడు బ్యాడ్జీలు అయ్యాయట. ఇడ్లీ నోట్లో ఉండగానే అడిగాడు: "మావయ్యా, రెలికాంత్ ఎక్కడ దొరుకుద్ది? ఆ తలుపు తెరవాలంటే కావాలంట కదా."

రెలికాంత్ అంటే ఆ గేములో ఉండే చేప లాంటి పోకెమాన్. గేములో మూసి ఉన్న మూడు తలుపులు తెరుచుకోవాలంటే అది మన జట్టులో ఉండాలి. ఈ చేప గురించి ఎవరడిగినా ఇదే మాట. తలుపు కోసం పట్టుకోవడం, తలుపు తెరుచుకోగానే బాక్సులో, అంటే జట్టులో వాడని పోకెమాన్‌లని దాచే చోట, పడేసి మర్చిపోవడం. దానిమీద నాకున్న అభిమానం వల్ల కావచ్చు, ఆ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. అందుకే వాడికి చెప్పినవన్నీ ఈరోజు డైరీలో పూర్తిగా రాసిపెడుతున్నాను.

ముందు అది ఏమిటో. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ గేములతో పుట్టిన పోకెమాన్ ఇది. నంబరు 369. నీటి జాతి, రాతి జాతి రెండూ. మీటరు పొడవు, 23.4 కిలోల బరువు. పది కోట్ల ఏళ్ళుగా రూపం మారలేదని పోకెడెక్స్, అంటే గేములోనే ఉండే పోకెమాన్ వివరాల పుస్తకం, చెబుతుంది. ఒమనైట్, కబుటో, లిలీప్, అనోరిత్ లాంటి ప్రాచీన సముద్ర జీవులన్నిటినీ శిలాజం తెచ్చి ల్యాబులో ఇచ్చి బతికించుకోవాలి. రెలికాంత్‌కి శిలాజమే లేదు. అది చచ్చిపోతే కదా! ఎడారిలో ఎంత తవ్వినా రాదు, లోతు నీళ్ళలోకి దిగి వెతుక్కోవాల్సిందే. మావాడు ఎడారిలో తెచ్చుకున్న శిలాజం ల్యాబులో ఇస్తే ఇదే వస్తుందని ఇన్నాళ్ళూ ఆశపడ్డాడు పాపం.

దీనికి మూలం సీలకాంత్ అనే నిజం చేప. డైనోసార్లతో పాటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకునేవారు. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, చేపల పడవ తెచ్చిన రాశిలో నీలంగా మెరుస్తూ మార్జరీ కోర్ట్‌నీ-లాటిమర్ కంట పడింది. ఆవిడ అక్కడి మ్యూజియం చూసుకునే మనిషి. జె. ఎల్. బి. స్మిత్ దాన్ని గుర్తుపట్టి, ఆవిడ పేరు కలిసేలా లాటిమేరియా అని పేరు పెట్టాడు. రెండోది దొరకడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కొమొరోస్ దీవుల దగ్గర. 1990ల చివర్లో ఇండోనేషియాలో ఇంకో జాతి బయటపడింది.

పొద్దున మార్కెట్ నుంచి తెచ్చిన బొచ్చె ఇంకా కడగలేదు. వాణ్ణి వంటింట్లోకి పిలిచి దాని ముందు రెక్కని వేలితో విప్పి చూపించాను. పుల్లలన్నీ ఒంటి దగ్గరే మొదలై విసనకర్రలా తెరుచుకుంటాయి. సీలకాంత్‌కి అలా ఉండదు. ముందు ఒంట్లోంచి కండ పట్టిన చిన్న కాడ బయటికి వస్తుంది, లోపల ఎముకలుంటాయి, దాని చివర రెక్క. మన చేతికీ కాలికీ మూలం ఇలాంటి కాడ రెక్కల చేపల్లోనే ఉంది. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి: గేములో రెలికాంత్‌కి పళ్ళు లేవు, కంటికి కనపడనంత చిన్న జీవుల్ని తింటుంది. నిజం సీలకాంత్‌కి పళ్ళున్నాయి, చేపల్నీ స్క్విడ్‌లనీ వేటాడుతుంది.

ఇక పట్టుకునే సంగతి. గేములో మాస్‌డీప్ అనే ఊళ్ళో జిమ్ గెలిచి, అక్కడి స్పేస్ సెంటర్ గొడవ తేల్చాక స్టీవెన్ అనే పాత్ర తన ఇంట్లో డైవ్ ఇస్తాడు, అది నీటి అడుగుకి దిగే విద్య. 124, 126 నంబర్ల సముద్ర దారుల్లో (రూట్లలో) నీళ్ళు ముదురు నీలంగా కనపడే చోట డైవ్ చేస్తే సముద్రం అడుగుకి వెళ్తాం. అక్కడ ఊరికే ఈదితే ఏదీ ఎదురుపడదు. నాచు మొక్కల్లోకి వెళ్తేనే వస్తాయి. వచ్చేవి మూడే: క్లాంపెర్ల్ 65 శాతం, చిన్‌చౌ 30 శాతం, రెలికాంత్ 5 శాతం. అంటే సగటున ఇరవై సార్లకి ఒకసారి. చాలామంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే.

విసుగు పడక్కర్లేని దారి ఒకటుంది. రిపెల్ చల్లుకుంటే, మన జట్టులో ముందున్న పోకెమాన్ కన్నా తక్కువ లెవెల్ ఉన్నవి ఎదురురావు. అడుగున తిరిగే చిన్‌చౌలన్నీ, క్లాంపెర్ల్‌లలో చాలా భాగం 20 నుంచి 30 లెవెల్ లోపే ఉంటాయి. రెలికాంత్ మాత్రం 30 నుంచి 35 లెవెల్ మధ్య వస్తుంది. కాబట్టి సరిగ్గా 31 లెవెల్ ఉన్నదాన్ని ముందు పెట్టి రిపెల్ వాడితే మిగిలేవి రెండే: పెద్ద క్లాంపెర్ల్, రెలికాంత్. వాటి వంతులు సమానం. ఇరవైకి ఒకటి కాస్తా రెండుకి ఒకటి అవుతుంది. ఎదురుపడే పోట్లాటలు బాగా తగ్గిపోతాయి, నాచులో ఎక్కువసేపు తిరగాలి, కానీ వచ్చిన ప్రతిదీ చూడదగ్గదే.

దీన్ని చెడగొట్టుకునే పద్ధతులు మూడు. ముందు 36 లెవెల్ దాటినదాన్ని పెడితే అసలేదీ రాదు, రిపెల్ దండగ. 30 పెడితే 30 లెవెల్ చిన్‌చౌలు, క్లాంపెర్ల్‌లు దూరిపోతాయి. 31 లెవెల్ వాడు మూర్ఛపోయి ఉంటే, గేము వాడి తర్వాత స్పృహలో ఉన్నవాడి లెవెల్ చూస్తుంది. మావాడిది మూడోదే. ముందున్న మారిల్ ఎప్పుడో పడిపోయింది, వెనకున్న స్వాంపర్ట్‌కి 44. ఇంక ఏమొస్తుంది! మాక్స్ రిపెల్ మాస్‌డీప్ దుకాణంలోనే దొరుకుతుంది, 700కి ఒకటి, 250 అడుగులు పనిచేస్తుంది.

బాల్స్ కూడా ఆ దుకాణంలోనే కొనుక్కోవాలి. అల్ట్రా బాల్ మీద మోజు వద్దు. సముద్రం అడుగున డైవ్ బాల్‌కి మూడున్నర రెట్ల బలం. నీటి జాతి కాబట్టి నెట్ బాల్‌కి మూడు రెట్లు. అల్ట్రాకి రెండే. రెలికాంత్ పట్టుబడే అంకె 25, అంటే మొండిఘటమే. నిండు ప్రాణంతో మెలకువగా ఉన్నప్పుడు డైవ్ బాల్ వేస్తే తొమ్మిదింట ఒకసారి పడుతుంది. ప్రాణం సగానికి దించి నిద్రపుచ్చితే దాదాపు రెండింట ఒకసారి. ప్రాణం ఎర్రగీతకి దించితే ఇంకా మేలే కానీ, అందులో ఒక ప్రమాదం ఉంది.

అడవి రెలికాంత్‌కి ఈ లెవెల్లో ఉండే మూవ్స్ నాలుగు: వాటర్ గన్, రాక్ టూంబ్, యాన్ (ఆవలింత), టేక్ డౌన్. టేక్ డౌన్ కొట్టినప్పుడు కొట్టినవాడికీ దెబ్బ తగులుతుంది. ప్రాణం కొనన ఉన్నప్పుడు అది టేక్ డౌన్ కొట్టిందంటే తన దెబ్బకి తనే పడిపోతుంది, మన చేతికి ఏమీ రాదు. అందుకే సగం దాకా దించి నిద్రపుచ్చి ఆగడం మంచిది. గడ్డి జాతి దెబ్బ అసలు వెయ్యకూడదు, దీనికి నాలుగు రెట్లు తగులుతుంది, ఒక్కదానికే పోతుంది. మామూలు జాతి దెబ్బలు సగమే తగులుతాయి కాబట్టి చెక్కినట్టు కొంచెం కొంచెంగా దించుకోవచ్చు. నిద్రపుచ్చడానికి గ్లూమ్ అనే పోకెమాన్ వేసే స్లీప్ పౌడర్ చాలు. రెలికాంత్ ఆవలింత తగిలితే మనవాడు తర్వాతి వంతు చివర నిద్రలోకి జారుకుంటాడు. వెనక్కి పిలిచి వేరేవాణ్ణి దింపితే ఆ ఆవలింత పోతుంది.

టేక్ డౌన్‌లోనే ఇంకో గుట్టు ఉంది. రెలికాంత్‌కి రెండు ఎబిలిటీల్లో, అంటే పుట్టుకతో వచ్చే గుణాల్లో, ఏదో ఒకటి ఉంటుంది: స్విఫ్ట్ స్విమ్, రాక్ హెడ్. రాక్ హెడ్ ఉన్నదానికి తను కొట్టిన దెబ్బ తనకి తగలదు. కాబట్టి అది టేక్ డౌన్ కొట్టాక దాని ప్రాణం గీత కదిలిందో లేదో చూడు. కదలకపోతే అదే మనకి కావాల్సింది, బాల్స్ అన్నీ అయిపోయినా సరే పట్టుకో. పట్టుకోకముందే ఎబిలిటీ ఇంత నిక్కచ్చిగా తెలిసే చేపలు తక్కువ.

మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. గేమ్‌బాయ్‌కి రెండు పెన్సిల్ సెల్స్ చాలు కాబట్టి వాడు బాల్కనీ నీడలోకి మారాడు. కార్ట్రిడ్జ్ పెట్టగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని తెరమీద వస్తోంది. దానికి కంగారు పడ్డాడు. అది గడియారం బ్యాటరీ. సేవ్ దానిమీద ఆధారపడదు, ఆట పోదు. గేములో నాటిన కాయలు పెరగవు, షోల్ కేవ్ అనే గుహలో ఆటుపోట్లు మారవు, అంతే. లోపల ఉండేది సీఆర్1616 బిళ్ళ. రేకులు అతికించినదే తెచ్చి టంకం తెలిసినవాడి చేత వేయించాలి, మామూలు బిళ్ళ కొని దానిమీదే టంకం కాలిస్తే చెడిపోతుంది. పాత కార్ట్రిడ్జ్ కొనేవాళ్ళు మాత్రం ఒకటి చూసుకోవాలి: సేవ్ చేసి, ఆపి, మర్నాడు మళ్ళీ పెట్టి చూడాలి. నకిలీవి చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

తలుపు సంగతి కూడా రాసేస్తాను, వాడికి కావాల్సింది అదే కాబట్టి. పాసిఫిడ్‌లాగ్ అనే ఊరి నుంచి పడమరకి 132, 133, 134 రూట్ల ప్రవాహాల్లో కొట్టుకుపోవాలి. 134లో రాళ్ళ మధ్య ముదురు నీళ్ళ మడుగు దగ్గర ఆగి డైవ్ చెయ్యాలి. ఒక ప్రవాహం తప్పినా స్లేట్‌పోర్ట్ వైపు తేలతాం, ఎదురీదడం కుదరదు, మళ్ళీ పాసిఫిడ్‌లాగ్‌కి ఎగిరి మొదటినుంచి రావాలి. అందుకే బయల్దేరేముందు సేవ్ చెయ్యాలి, జట్టులో సర్ఫ్ (నీటిమీద ఈదడం), డైవ్, డిగ్ (తవ్వడం) మూడు మూవ్స్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. డిగ్ మర్చిపోయి అంతదూరం వెళ్ళి వెనక్కొచ్చేవాళ్ళే ఎక్కువ. అడుగున చివరిదాకా వెళ్ళి, బ్రెయిల్ చెక్కిన చోట పైకి తేలితే గుహ. మొదటి గది వెనక గోడ దగ్గర డిగ్. రెండో గదిలో జట్టు వరస ముఖ్యం: ఎమరాల్డ్‌లో వెయిలార్డ్ అనే తిమింగలం పోకెమాన్ మొదట, రెలికాంత్ చివర. రూబీ, సఫైర్‌లలో తిరగేసి రెలికాంత్ మొదట, వెయిలార్డ్ చివర. గోడమీది రాత చదవగానే భూమి కంపిస్తుంది, దూరాన మూడు తలుపులు తెరుచుకుంటాయి. వెయిల్మర్ 40 లెవెల్లో వెయిలార్డ్ అవుతుంది, దాన్ని ముందే పెంచుకోవాలి.

ఫోన్లో ఆడే పోకెమాన్ గో సంగతి కూడా అడిగాడు. అందులో రెలికాంత్ న్యూజిలాండ్, దాని చుట్టుపక్కల దీవుల వైపు తిరిగే జాతి. కృష్ణ ఒడ్డున, భవానీ ద్వీపం చుట్టూ ఎంత నడిచినా మామూలుగా ఎదురుపడదు.

సాయంత్రం నాలుగున్నరకి మావాడికి దొరికింది. 33 లెవెల్, మగది. ఎనిమిదింట ఏడు మగవే వస్తాయి కాబట్టి ఆశ్చర్యమేం లేదు. టేక్ డౌన్ కొట్టింది, గీత కదల్లేదు. రాక్ హెడ్!

తలుపు అయ్యాక దాన్ని ఏం చెయ్యాలో వాడి నోటు పుస్తకంలో రాసిచ్చాను. ప్రాణం 100, అటాక్ 90, డిఫెన్స్ 130. స్పెషల్ అటాక్ 45 మాత్రమే. మూడో తరం గేముల్లో (రూబీ, సఫైర్, ఎమరాల్డ్ లాంటివి) నీటి మూవ్స్ అన్నీ స్పెషల్ లెక్కలోకి వస్తాయి, అందుకే దీని సర్ఫ్ ఎవరికీ తగిలినట్టుండదు. నీటి చేప కదా అని సర్ఫ్ నేర్పి, దెబ్బ లేదని తిట్టుకుంటారు. ఎమరాల్డ్‌లో దీని బలం రాయి, మట్టి, తల. రాతికి రాక్ టూంబ్ ఉంచు, వేగం కూడా తగ్గిస్తుంది. సీఫ్లోర్ కావెర్న్ అనే గుహలో దొరికే ఎర్త్‌క్వేక్ నేర్పు. టేక్ డౌన్‌ని తర్వాత డబుల్-ఎడ్జ్‌తో మార్చు, రాక్ హెడ్ వల్ల నీకు నష్టం లేదు. యాన్ తీసెయ్యకు. వాటర్ గన్ ఒక్కటే పోవాలి.

ఎలీట్ ఫోర్, అంటే ఆట చివర ఎదురయ్యే నలుగురు మేటి ఆటగాళ్ళలో, గ్లేసియా ముందు దీన్ని దింపాలి. ఆవిడవి సీలియో, గ్లేలీ, వాల్రీన్, అన్నీ మంచు జాతే. మంచు దెబ్బ రెలికాంత్‌కి సగమే తగులుతుంది, రాతి దెబ్బ వాటికి రెండింతలు తగులుతుంది. గడ్డి జాతి వాడు ఎదురైతే మాత్రం మొండికెయ్యకుండా వెంటనే వెనక్కి పిలవాలి. ఇది నెమ్మది చేప, వేగం 55, ముందుగా దెబ్బ తినేది ఎక్కువగా ఇదే.

నాలుగో తరం గేముల్లో దీనికి హెడ్ స్మాష్ వచ్చింది. బలం 150, గురి 80 శాతం. కొట్టిన దెబ్బలో సగం కొట్టినవాడికే తగలాలి, రాక్ హెడ్ ఉంటే ఏమీ తగలదు. పైగా సొంత రాతి జాతి మూవ్ కాబట్టి ఇంకో సగం బలం కలుస్తుంది. ఎమరాల్డ్ నుంచి నాలుగో తరం గేమైన పెర్ల్‌లోకి పంపాలంటే, అది ఆడే నింటెండో డీఎస్‌లో అడుగున గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్ పట్టే చోటు ఉండాలి, పాత డీఎస్‌కీ డీఎస్ లైట్‌కీ ఉంటుంది, డీఎస్ఐకి లేదు. వాళ్ళ నాన్న దగ్గర ఏది ఉందో రాత్రికి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు.