గ్రైండరుతో జయనగర్ నుంచి

పొద్దున్నే ఇంట్లో మినప్పప్పు నానబోశారు. పాత గ్రైండరు మొన్ననే మూలబడింది కాబట్టి సాయంత్రానికి కొత్తది రావాలి, రాత్రికి పిండి రుబ్బాలి. పని మీద జయనగర్ వెళ్ళినవాణ్ణి అక్కడే ఫోర్త్ బ్లాకులో ఒకటి కొని, పన్నెండు కిలోల అట్టపెట్టెతో రోడ్డు మీద నిలబడ్డాను. సాయంత్రం ఆరు. వెళ్ళవలసింది మారతహళ్ళి. బెంగళూరు తెలిసినవాళ్ళకు ఇక కథ చెప్పనక్కరలేదు.

మొదటి ఆటో ఆగనే లేదు. అతను తల అడ్డంగా ఊపుతూనే దాటిపోయాడు. రెండో అతను ఊరి పేరు విని "బరల్ల" అన్నాడు, కన్నడంలో రానని. మూడో అతను పెట్టె వైపు చూసి నాలుగు వందల యాభై అన్నాడు. మీటరు ప్రకారమైతే మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18 చొప్పున పద్నాలుగు కిలోమీటర్లకు 252. నేను ఆ లెక్క పూర్తిచేసేలోపే బండి కదిలింది. యాప్‌లో దొరికినవాడు ఫోను చేసి ఎక్కడికని అడిగాడు, విన్నాడు, పెట్టేశాడు. రద్దు మాత్రం చేయడు. మ్యాపులో ఆ బొమ్మ ఆటో ఉన్నచోటే ముక్కు ఇటూ అటూ తిప్పుతూ కూర్చుంది. విసుగెత్తి నేనే రద్దు చేయాలని వాళ్ళ ఎత్తు. చేశాను. రానని చెప్పినవాడి మీద కన్నా ఇలా నోరు మెదపనివాడి మీదే నాకు మంట.

ఇంటికి ఫోను చేసి గోడు వెళ్ళబోసుకుంటుంటే, పక్కన టీ తాగుతున్న ఆటో ఆయన "ఎక్కడికన్నా?" అని తెలుగులో అడిగాడు. ఆంధ్ర సరిహద్దులోని ముళబాగిలు వైపు వాళ్ళట. ప్రాణం లేచొచ్చింది. ఊరు చెప్పగానే ఆయనా తల ఊపాడు, అడ్డంగానే!

ఒళ్ళు మండి, రానంటే మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కింద జరిమానా ఉందన్నాను. "ఎంత?" అన్నాడు. ఆటోకైతే యాభై రూపాయల దాకా అని చెప్పడానికి నాకే సిగ్గేసింది. "వంద కడతానన్నా, ఈ వేళప్పుడు సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటమనకండి" అని నవ్వాడు. వెళ్ళడానికి గంటన్నర, తిరిగి ఖాళీగా రావాలి, ట్రాఫిక్‌లో నిలబడ్డందుకు మీటరు ఇచ్చేది టీకి కూడా చాలదట. నిజమే కావచ్చు. ఆ ముక్క ముందరివాళ్ళలో ఒక్కరు చెప్పినా అరగంట ముందే వేరే దారి చూసుకునేవాణ్ణి కదా.

ఆ దారీ ఆయనే చెప్పాడు. 2025 ఆగస్టు నుంచి పసుపు లైను మెట్రో నడుస్తోందిగా, ఆర్‌వీ రోడ్డులో ఎక్కితే నాలుగో స్టేషను సిల్క్ బోర్డ్, అక్కడ రింగ్ రోడ్డు బస్సు పట్టుకోమన్నాడు. పెట్టె తనే ఎత్తి సీటు మీద పెట్టి ఆర్‌వీ రోడ్డు దాకా దింపాడు. మీటరు 36 చూపించింది. నలభై ఇస్తే, చొక్కా జేబూ డబ్బా అరా వెతికి నాలుగు రూపాయలు చేతిలో పెట్టాడు.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. బస్సులో ఒళ్ళో పెట్టుకున్న పెట్టె అంచు ఒత్తుకుని తొడ ఇంకా నొప్పిగానే ఉంది. గ్రైండరు తిరుగుతుండగా ఫోను మోగింది. ప్రయాణం రద్దు చేసినందుకు ముప్పై రూపాయలు నా తరువాతి బిల్లులో కలుపుతారట.