తుపాకీ హక్కు గురించి కొత్తగా వచ్చినవారితో

డాలస్‌లో మన తెలుగువారు ఎక్కువగా వినే ఒక రేడియో చర్చా కార్యక్రమంలో, తుపాకీ కలిగి ఉండే హక్కును సమర్థించే వ్యక్తిగా ఈ వారం పాల్గొన్నాను. ఫోన్ చేసినవారిలో ఎక్కువమంది అమెరికాకు కొత్తగా వచ్చినవారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు దొరకడమే గగనమైన దేశంలో పెరిగినవారికి, ఇక్కడ దుకాణాల్లో తుపాకులు అమ్మడం చూస్తే భయం కలగడం సహజం. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే వాదనకు ముందు వివరాలు చెప్పాను. 1791లో ఆమోదం పొందిన రెండవ రాజ్యాంగ సవరణ, ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకునే వ్యక్తిగత హక్కును కాపాడుతుందని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందనీ, అయితే ఆ హక్కుకు హద్దులున్నాయని అదే తీర్పులో జస్టిస్ స్కాలియా రాశారనీ వివరించాను. హెచ్1బీ వీసాపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనరాదన్న సంగతి చాలామందికి కొత్త.

2022లో టెక్సస్‌లోని యువాల్డే పాఠశాలలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు బలైన ఘటనను ప్రస్తావిస్తూ ఒక తల్లి, "అన్నయ్యగారూ, మా పాపను బడికి పంపేటప్పుడు మీ హక్కు నాకేం ధైర్యమిస్తుందండీ?" అని అడిగారు. అటువంటి ప్రశ్నకు అంకెలతో బదులివ్వడం మర్యాద కాదు. ఆమె చెప్పదలచినదంతా పూర్తిగా విన్నాను. పిల్లల చేతికి అందేలా తుపాకీని వదిలేయడం టెక్సస్‌లో నేరమనీ, ఆ చట్టం మరింత కఠినంగా అమలు కావాలని నేనూ కోరుతున్నాననీ చెప్పాను. నా అభిప్రాయంతో ఆమె ఏకీభవించలేదు, కానీ తుపాకీని ఇంట్లో ఎలా భద్రపరచాలో మరో కార్యక్రమంలో వివరంగా చెప్పమని కోరారు.