కాగితం కడగడానికి యాసిడ్

వరంగల్ కోట తోరణం నిన్న సాయంత్రం నా టబ్బులో నీలంగా తేలింది. ఈ ఒక్క ప్రింటు కోసం ఇరవై రోజులు పట్టింది. అందులో రెండు రోజులు ఒక కెమికల్ షాపులోనే పోయాయి. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇది సయనోటైప్, ఎండతో నీలిరంగు ఫొటో ప్రింటు తీసే పద్ధతి. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచాలి. మన ఎండకు నాకు పది నిమిషాలు సరిపోయాయి. తర్వాత నీళ్లలో కడగడమే.

నాకు కడిగిన ప్రతిసారీ నీలం వెలిసిపోయింది, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు మరకలు. మందుల్ని అనుమానించాను, నెగెటివ్‌ను తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు కాగితానిది. ఏళ్లు గడిచినా పాడవకుండా ఖరీదైన వాటర్‌కలర్ కాగితంలో సుద్ద కలుపుతారు, అంటే కాల్షియం కార్బొనేట్. బొమ్మలు వేసేవాళ్లకు అది మంచిదే. ఈ నీలానికి మాత్రం సుద్దలోని క్షారగుణం పడదు. కాబట్టి ముందు ఆ సుద్దను యాసిడ్‌తో కరిగించాలి.

షాపుకెళ్లి "సల్ఫామిక్ యాసిడ్ అరకిలో ఇవ్వండి" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి నా గడ్డం వైపు చూశాడు.

"ఏం జేస్తవ్?"

"కాగితం కడుగుతానన్నా."

"కాగితం గడుగుతవా? ఎవరి మీద పోస్తవ్ తమ్మీ, నిజం జెప్పు."

గట్టిగానే అన్నాడు. పక్కన ఫినాయిల్ కొంటున్న ఒకావిడ తన కూతురి చెయ్యి పట్టుకుని అటువైపు లాక్కుంది. ఆ అమ్మాయికి పదేళ్లుంటాయేమో. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. ఇది పొడి అనీ, పైపుల్లో పేరుకున్న సున్నం వదిలించడానికి వాడేదేననీ చెప్పబోయాను. "యాసిడంటే యాసిడే. ఆధార్ పట్కరా" అన్నాడు. ఆధార్ కాజీపేటలో, ఇంట్లో ఉంది.

ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను. 2008 డిసెంబరులో ఈ ఊళ్లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, అది ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. యాసిడ్ అమ్మేటప్పుడు గుర్తింపు కార్డు చూసి, ఎందుకో రాసుకోవాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది కూడా. నా మంట ఒక్కటే. అదే షాపు గుమ్మంలో బాత్రూమ్ యాసిడ్ సీసాలు అట్టపెట్టెలో ఉన్నాయి, వాటిని ఎవరికైనా ప్రశ్న లేకుండా ఇస్తున్నాడు. అది నేనడిగిన పొడికంటే ప్రమాదం!

మర్నాడు ఆధార్‌తో పాటు చెడిపోయిన ప్రింటు కూడా పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోటుబుక్కులో కారణం దగ్గర "కాగితాలు కడుగుటకు" అని రాసి, పొడి తూచి ఇచ్చాడు. సారీ మాత్రం చెప్పలేదు.

తర్వాతి పని చాలా తేలిక. లీటరు నీళ్లలో 100 గ్రాముల పొడి కలిపాను. ముందు నీళ్లు, తర్వాతే పొడి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే, బ్లీచింగ్ దరిదాపుల్లో ఉండకూడదు. కాగితం ముంచగానే సోడా పోసినట్టు సన్నటి బుడగలు కాగితమంతా లేచాయి. మధ్యలో తిరగేసి, బుడగలు ఆగేదాకా ఉంచాను. ఆగ్జాలిక్ యాసిడ్ వాడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది సుద్దతో కలిస్తే నీళ్లలో కరగని ఉప్పు తయారై కాగితంలోనే ఉండిపోతుంది, పైగా విషం. అలాంటి సలహాలు ఆయన దగ్గరే ఉంచుకోవాలి.

కడిగేది మాత్రం బోరు నీళ్లతో వద్దు. మా ఇంట్లో టీ గిన్నె అడుగున తెల్లగా పట్టేది ఆ సున్నమే, తీసేసినదాన్ని మళ్లీ కాగితానికి పట్టించినట్టే అవుతుంది. నేను ఆర్‌ఓ నీళ్ల క్యాన్లు రెండు తెప్పించి, నాలుగుసార్లు నీళ్లు మార్చి కడిగి, దండెం మీద క్లిప్పులతో ఆరబెట్టాను.

నిన్నటి ప్రింటులో తోరణం మీది చెక్కడాల గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. హనుమకొండలో ఇంత ముదురు నీలం తీసినవాణ్ని చూపించండి, చూద్దాం!

మిగిలిన పొడి డబ్బా మీద పెద్దక్షరాలతో పేరు రాసి అటక మీద పెట్టి తాళం వేశాను. బట్టలు నానబెట్టే టబ్బు ఎప్పుడిస్తావని అమ్మ పొద్దుట్నుంచి మూడోసారి అడుగుతోంది. అది ఇక నాదేనని ఇంకా చెప్పలేదు.