నిమ్మచెక్కతో మార్బుల్ బేరం

విశాఖలో మార్బుల్ గొడౌన్‌కి వెళ్ళిన రోజు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక టేపు, చిన్న నీళ్ళ సీసా, పాలిథిన్ కవర్లో చుట్టిన సగం నిమ్మచెక్క ఉన్నాయి. మా ఆయనకి నిమ్మచెక్క సంగతి చెప్పలేదు. చెబితే కారు దిగేవారు కాదు.

ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వైపు. స్థలం చిన్నది. ఉత్తరం పక్కింటివాళ్ళ గోడ మా కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉంది. హాల్లో పగలు పదకొండు గంటలకి కూడా లైటు వేసుకోవాల్సిందే. నాకు తెల్ల మార్బుల్ కావాలనిపించడానికి అసలు కారణం అదే. గొప్ప కోసం కాదు, వెలుతురు కోసం. తెల్లటి నేల ఉంటే ఆ నాలుగడుగుల సందులోంచి వచ్చే కాస్త వెలుగూ పైకి లేస్తుంది.

ఈ మాట నాన్నకి చెప్పడం మాత్రం తేలిక కాలేదు. ఆయన టెక్కలి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. మా చిన్నప్పుడు సాయంత్రం ఇంటికొస్తే మోచేతుల దాకా బూడిదరంగు బురద ఎండిపోయి ఉండేది. అమ్మ పెరట్లోనే నీళ్ళు పెట్టేది. ఆ నీలి గ్రానైట్ వైజాగ్ రేవు నుంచి ఓడెక్కి దేశాలు పోతుంది. బయటివాళ్ళు దాన్ని ‘వైజాగ్ బ్లూ’ అంటారు. ఆ పేరు వింటే నాన్నకి ఒళ్ళు మంట. "రాయి మనది, పేరు ఆళ్ళదా?" అంటారు.

"రాయి మీద పుట్టి, రాయి కొనడానికి రాజస్థాన్ దాకా ఎల్తావేటే?" ఇదీ ఆయన మొదటి ప్రశ్న. రెండోది ఇంకా గట్టిది. "మార్బులు రాయేటి? సున్నవే కదా!"

నిజానికి అందులో తప్పు లేదు. మార్బుల్ అంటే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ ఉడికి గట్టిపడిన సున్నపురాయి. మా మామ్మ సంక్రాంతికి గోడలకి కొట్టించే సున్నానికీ, 1632లో మొదలెట్టిన తాజ్‌మహల్‌కి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి తెచ్చిన తెల్లరాయికీ చుట్టరికం ఉంది. మన తెలుగులో ఈ చుట్టరికం ఇంకా కలగాపులగం. అమరావతి స్తూపం శిల్పాల్ని పాలరాతి శిల్పాలు అనేస్తాం. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవాటికి ఇంగ్లీషువాళ్ళూ ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పేరు పెట్టారు, వాటిలో చాలామటుకు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. తీరా చూస్తే అది పల్నాటి సున్నపురాయి, ఉడకని రాయి. నాన్నకి ఇదంతా చెబితే, "అదే కదా నేను సెప్పింది" అన్నారు.

ఆ సున్నం మాట వల్లే నిమ్మచెక్క బ్యాగులోకి వచ్చింది. సున్నానికి పులుపు పడదు. మా వంటింట్లో పులుపు లేని రోజు లేదు. అత్తమ్మ చేతి పులుసు, చింతకాయ పచ్చడి, గోంగూర. రాయికీ మా ఇంటి వంటకీ పొత్తు కుదురుతుందో లేదో దుకాణం లైట్ల కింద తేలదు.

శాంపిల్ ముక్కలు రెండు అడిగాను. ఒకటి తెల్ల మార్బుల్, ఒకటి మన నీలి గ్రానైట్. రెండింటి మీదా నిమ్మరసం పిండి, పది నిమిషాలు ఆగి గుడ్డతో తుడిచాను. గ్రానైట్ మీద ఏమీ లేదు. మార్బుల్ మీద రసం పడ్డప్పుడు సన్నగా బుడగలు లేచాయి. తుడిచాక రూపాయి బిళ్ళంత మేర మెరుపు పోయింది. మరక కాదది, రంగేమీ లేదు. పక్కకి వంగి చూస్తే అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసక. వేలితో రాస్తే ఆ చోటు కాస్త గరుగ్గా తగిలింది. మరకైతే ఏదో ఒకటి పట్టించి లాగెయ్యొచ్చు, ఇది రాయే కరిగిపోవడం. మళ్ళీ పాలిష్ పడితే తప్ప పోదు. గొడౌన్ కుర్రాడు "మేడమ్, ఏం చేస్తున్నారు మేడమ్!" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ముక్కకి డబ్బులిచ్చేశాను. ఆ ముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

వంటగట్టు గొడవ అక్కడితో తీరిపోయింది. గట్టుకీ, మెట్లకీ, వీధి అరుగుకీ టెక్కలి రాయి. హాలుకీ, దేవుడి గదికీ మార్బుల్. బాత్రూముల్లో గరుకు టైల్స్. తడికాలితో పాలిష్ రాయి మీద నడిచే ధైర్యం అత్తమ్మ మోకాళ్ళకి లేదు, నాకూ లేదు.

ఇక స్లాబులు ఎంచడం. ఇటలీ రాయి వైపు చూసి వెనక్కి వచ్చేశాను. ధర ఒక కారణం. రెండోది, చాలా స్లాబులకి వెనక వల అంటించి ఉంది, ముందువైపు సందులు ఎపాక్సీ అనే జిగురుతో పూడ్చి ఉన్నాయి. ఏటవాలుగా చూస్తే ఆ పూడిక రాయికంటే వేరుగా తళుక్కుమంటుంది. అది చెడ్డదని కాదు, దాన్ని మోసే ఓపిక నాకు లేదు. మక్రానా రాయి తీసుకున్నాం. స్లాబుని తిప్పించి వెనకవైపు నీళ్ళు పోయించాను. చుట్టూ ఆరిపోయినా ఒక గీత మాత్రం తడిగా మిగిలిపోతే అక్కడ పగులు ఉన్నట్టు. అలా మూడు స్లాబులు పక్కన పెట్టాం. నాన్న తన పద్ధతిలో రూపాయి బిళ్ళతో కొట్టి చూశారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల ఏదో ఉంది. మార్బుల్ వద్దన్న మనిషే గంటసేపు ఒక్కో స్లాబునీ కొట్టుకుంటూ కూర్చున్నారు. మూలలు విరిగిన చోట కొలత తగ్గించమని బేరమాడిందీ ఆయనే.

ఒకే బ్లాకులోంచి వరసగా కోసినవి కావాలని పట్టుబట్టి, అంచు మీద చాక్‌తో నంబర్లు రాయించుకోవడం నేను చేసిన తెలివైన పని. పరిచేముందు హాల్లో ఉత్తినే పేర్చి చూసుకుంటే బూడిదరంగు చారలు ఒకదాని నుంచి ఇంకోదానికి ఏటిపాయల్లా సాగాయి.

తెలివితక్కువ పనులు రెండు.

మొదటిది, పరిచే మొదటి రోజు నేను ఆఫీసుకి వెళ్ళడం. లేత రంగు మార్బుల్ కింద తెల్ల సిమెంటే వాడాలి. మామూలు సిమెంటు చెమ్మ పైకి లాగి రాయిలోంచి నీడలా కనబడుతుంది. మేస్త్రీకి చెప్పే వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి గుమ్మం దగ్గర రెండు స్లాబులు మామూలు సిమెంటు మీద పడుకుని ఉన్నాయి. "ఏటవదు అమ్మా" అన్నాడు. ఆ వానాకాలానికే అయింది. ఆ చోట సోఫా వేశాం.

రెండోది పూర్తిగా నాదే. గృహప్రవేశానికి వారం ముందు బాత్రూం టైల్స్ మీద సిమెంటు మరకలు యాసిడ్‌తో కడిగిస్తున్నాం. హాలు గడప పక్కన కూడా ఒక సిమెంటు చుక్క కనబడింది. "ఇక్కడ కూడా కొంచెం పోసెయ్" అని నా నోటితో నేనే అన్నాను. నిమ్మరసంతో పరీక్ష పెట్టి కొన్నదాన్ని! బుస్సుమని తెల్లటి నురగ లేచింది. బకెట్ నీళ్ళు కుమ్మరించేలోపే అరచేతి వెడల్పున పాలు విరిగినట్టు అయిపోయింది. పనమ్మాయి నా మొహం చూసి ఏడుపు మొదలెట్టింది. తప్పు తనది కాదని సముదాయించడానికి ఒక కాఫీ పట్టింది.

పాలిష్ కుర్రాళ్ళు రాజస్థాన్‌వాళ్ళే. నీళ్ళు పోస్తూ, గరుకు రాయి నుంచి నున్నటి రాయి దాకా ఒక్కో మెట్టూ మారుస్తూ ఆ చోటంతా మళ్ళీ రుద్దారు. దూరం నుంచి తెలీదు. నాకు మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు రెండేళ్ళయింది. దేవుడి గదిలో ప్రమిద కింద ఇత్తడి పళ్ళెం తప్పనిసరి. నూనె ఇంకితే రాయి నల్లబడుతుంది. ఒకసారి ఇంకింది. తినే సోడా ముద్దలా కలిపి పూసి, మీద పాలిథిన్ కప్పి, ఒక రోజంతా ఉంచితే చాలావరకు లాగేసింది. పసుపు మరకకి ఎండ మంచి మందు. కానీ మా దేవుడి గదికి ఎండెక్కడిది? అందుకని అక్కడ పసుపు కుంకాలు పీట దాటవు. నేల తుడవడానికి నీళ్ళు, బాగా మురికైతే చెంచాడు పాత్రల సబ్బు, అంతే. నిమ్మ వాసన ఫినాయిల్ సీసా తెచ్చినందుకు మా ఆయన రెండ్రోజులు నా చూపులు భరించారు.

హాలు మాత్రం నేను అనుకున్నట్టే వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి ఆ సందులోంచి పడే వెలుగు నేల మీద నుంచి సీలింగ్ దాకా వెళ్తుంది. పదకొండింటికి లైటు వెయ్యడం లేదు.

నాన్న వచ్చినప్పుడల్లా హాల్లో కూర్చోరు. వీధి అరుగు మీద, తన నీలిరాయి మీదే కూర్చుంటారు. మొన్న కార్తీకమాసంలో వచ్చినప్పుడు భోజనానికి లోపలికి వచ్చి, డైనింగ్ బల్ల కింద వంగి ఏదో చూస్తున్నారు. మజ్జిగ గ్లాసు అడుగు పడిన గుండ్రటి మసక. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో!

"సూసేవా, ఎంగిలి కూడా దాచుకోదు ఈ రాయి" అని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఆ గుండ్రం మీద పెట్టి కొలిచారు. "పాలిసోడిని పండగెల్లాక పిలువు. బేరం నేనాడతాను."